ఉప్పు పగులుతుంది, రాగి సాగుతుంది: ఎందుకు?

సుత్తి దెబ్బకు కల్లుప్పు పగిలి, రాగి మాత్రం సాగడానికి కారణం వాటిలోని రసాయన బంధాల తీరు వేరు కావడమే. ఉప్పులో ధనావేశమున్న సోడియం అయాన్లు (అయాన్ అంటే విద్యుదావేశమున్న పరమాణువు), రుణావేశమున్న క్లోరైడ్ అయాన్లు చదరంగపు గళ్లలా ఒకటి విడిచి ఒకటి ఉంటాయి. దెబ్బకు ఒక వరుస ఒక్క గడి జరిగితే చాలు, ఒకే ఆవేశమున్నవి ఎదురెదురుగా వచ్చి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. గింజ అక్కడే చీలుతుంది. పగిలిన ముక్కను భూతద్దంలో చూస్తే చదునైన ముఖాలు, లంబంగా ఉన్న మూలలు కనిపించేది అందుకే.

రాగిలో ఈ చిక్కు లేదు. కొన్ని ఎలక్ట్రాన్లు ఏ ఒక్క పరమాణువుకూ కట్టుబడక లోహమంతా తిరుగుతుంటాయి కాబట్టి, వరుసలు జరిగినా పట్టు తెగదు. బిందెకు సొట్ట పడుతుంది, అంతే. రాగి తీగలో కరెంటు బాగా పారడమూ ఆ ఎలక్ట్రాన్ల చలవే.

పగిలే వస్తువులో బంధాలు బలహీనమని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. సాధారణంగా బంధాలు ఎంత గట్టివైతే, కరిగించడానికి అంత ఎక్కువ వేడి కావాలి. చేత్తో వంచగలిగే సీసపు రేకు 327 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది. ఉప్పు కరిగి ద్రవం కావాలంటే 801 డిగ్రీలు కావాలి. నీళ్లలో కరగడం వేరే సంగతి.