అమ్మానాన్నలతో డిస్నీ యాత్ర: మోటార్‌హోమ్ కొనే ముందు ఈ లెక్క చూడండి

ప్రశ్న: మేము నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో ఉంటాం. మా వారిది హెచ్‌1బీ వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నేను పార్ట్‌టైమ్ చేస్తున్నాను. బాబుకి తొమ్మిదేళ్ళు, పాపకి ఐదు. డిసెంబర్‌లో తెనాలి నుంచి మా అమ్మానాన్నలు వస్తున్నారు, మే దాకా ఉంటారు. ఫిబ్రవరిలో అందరం కలిసి ఓర్లాండో డిస్నీ వరల్డ్‌కి వెళ్దామని ఆశ. నాన్నకి బయటి తిండి పడదు, అమ్మకి మోకాళ్ళ నొప్పులు. అందుకని ఒక పాత మోటార్‌హోమ్ (పడక, వంటగది ఉన్న బండి) చూశాం. ధర 60,000 డాలర్లు. ముందు 6,000 కడితే మిగతాది 9 శాతం వడ్డీకి 15 ఏళ్ళ లోన్ వస్తుందట. ఇక ఏటా పార్కులన్నీ తిరగొచ్చని, హోటల్ ఖర్చు మిగులుతుందని, లోన్ వడ్డీకి టాక్స్ కూడా తగ్గుతుందని డీలర్ అన్నాడు. మా టౌన్‌హోమ్ దగ్గర బండి పెట్టనివ్వరు, స్టోరేజీ చూసుకోవాలి. బ్యాంకులో 18,000 ఉన్నాయి. ఇంటి లోన్‌తో సహా నెల ఖర్చు 6,200, అది పోను 1,400 మిగులుతాయి. కొనమంటారా, అద్దెకు తీసుకోమంటారా?

జవాబు: నాన్నగారికి బయటి తిండి పడదని, అమ్మగారికి మోకాళ్ళ నొప్పులని మీరు ఒక్క వాక్యంలో రాశారు. నాకు మాత్రం మీ ఉత్తరమంతా ఆ వాక్యంలోనే ఉందనిపించింది. అంత దూరం నుంచి కూతురింటికి వచ్చిన పెద్దవాళ్ళు ఇంటి భోజనం తింటూ, అలసినప్పుడు నడుం వాలుస్తూ, మనవళ్ళతో నాలుగు రోజులు హాయిగా గడపాలి. అంతే కదా? దానికి 60,000 డాలర్ల బండి అక్కర్లేదు. కొనకండి.

ముందు కిస్తీ సంగతి చూద్దాం. 54,000 లోన్ 9 శాతం వడ్డీకి 15 ఏళ్ళంటే నెలకు 548 డాలర్లు. 180 కిస్తీలు కట్టేసరికి 98,600 దాకా అవుతుంది, అందులో వడ్డీయే 44,600. ఏడాదికి కిస్తీలు 6,576. ఇన్సూరెన్స్‌కి, స్టోరేజీకి నెలకు వంద చొప్పున వేసుకున్నా ఇంకో 2,400. రిపేర్లకు కనీసం వెయ్యి పక్కన పెట్టాలి. ఆర్‌వీ (మోటార్‌హోమ్, ట్రెయిలర్ లాంటి ఇల్లు-బండి) టైర్లు అరగకపోయినా ఏళ్ళు గడిస్తే మార్చాల్సిందే, నిలబడి ఉన్న బండికి బ్యాటరీలు చచ్చిపోతాయి, చలికాలం ముందు నీళ్ళ గొట్టాలు ఖాళీ చేయించాలి. మొత్తం ఏడాదికి పది వేలు. చిన్న పిల్లలు, ఉద్యోగాలు ఉన్న ఇల్లు ఏడాదికి ఎన్ని రాత్రులు ఆ బండిలో పడుకుంటుంది? ఇరవై అనుకుందాం. రాత్రికి 500 డాలర్లు పడ్డట్టు. క్యాంప్‌గ్రౌండ్ అద్దె, పెట్రోలు ఇంకా ఇందులో కలపలేదు.

టాక్స్ మాట పూర్తిగా అబద్ధం కాదు. పడక, వంట, టాయిలెట్ ఉన్న ఆర్‌వీని రెండో ఇల్లుగా లెక్కేసుకుని, ఆ బండినే తాకట్టుగా పెట్టి తీసుకున్న లోన్‌కి వడ్డీ మినహాయింపు అడగొచ్చు. కానీ అది విడివిడిగా ఖర్చులు చూపించి మినహాయింపు తీసుకునేవాళ్ళకే. భార్యాభర్తలు కలిసి రిటర్న్ వేస్తే 2025 సంవత్సరానికి స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చులు చూపించకుండానే దొరికే మినహాయింపు) 31,500 డాలర్లు. ఒక టౌన్‌హోమ్ లోన్ వడ్డీ 14,000, స్టేట్ టాక్స్, ప్రాపర్టీ టాక్స్ కలిపి 9,000 అనుకోండి. దానికి ఈ బండి మొదటి ఏడాది వడ్డీ 4,800 కలిపినా 27,800 దాటదు. అంటే పైసా ప్రయోజనం లేదు. మీ పాత రిటర్న్ తీసి, మీ అంకెలతో ఒక్కసారి సరిచూసుకోండి.

నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టిన విషయం ఇంకొకటి. మీ 18,000 మూడు నెలల ఖర్చుకు కూడా సరిపోవు. మీ వారిది హెచ్‌1బీ. ఉద్యోగం పోతే ఇంకో కంపెనీ చూసుకోవడానికి 60 రోజుల గడువే ఉంటుంది. ఆ 60 రోజుల్లో ఇల్లు, పిల్లల బడి, వీసా అన్నీ ఒక్కసారి మీద పడతాయి. అప్పుడు స్టోరేజీలో ఉన్న మోటార్‌హోమ్‌ని వారంలో అమ్మాలంటే మీరు అడిగిన ధరకు ఎవరూ కొనరు. లోన్ బాకీ కన్నా తక్కువకే అమ్ముకుని, మిగతాది చేతి నుంచి కట్టాల్సి రావచ్చు. ఆ 18,000లోంచి ఈ బండికి ఒక్క డాలర్ కూడా తీయకండి.

సరే, ఇక అద్దె మాట. అద్దె అనగానే మోటార్‌హోమ్ తీసుకుని షార్లెట్ నుంచే నడుపుకుంటూ వెళ్ళడం ఒక్కటే దారి అనుకుంటారు. ఓర్లాండో సుమారు 530 మైళ్ళు, రానూపోనూ, అక్కడ తిరిగేది కలిపి 1,100 వేసుకోండి. రోజుకు 180 చొప్పున ఎనిమిది రోజులకు 1,440. మైలుకు 40 సెంట్లు చొప్పున 440. పక్కబట్టలు, వంటపాత్రలు, క్లీనింగ్ అంటూ ఇంకో 200. గ్యాలన్‌కు పది మైళ్ళిచ్చే బండికి మూడు డాలర్ల పెట్రోలు 330. పైగా పెద్దవాళ్ళు వెనక మంచం మీద పడుకుని రావచ్చనుకుంటారు, అది కుదరదు. బండి కదులుతున్నంతసేపూ అందరూ బెల్టు పెట్టుకుని కూర్చోవాలి. "ఆరుగురు పడుకోవచ్చు" అని రాసి ఉన్న బండిలో ఆరు బెల్టులు ఉన్నాయో లేదో చూడాలి, పాప కార్‌సీట్ పక్కకు తిరిగిన సోఫా మీద పెట్టకూడదు. ఇన్ని చూసుకుని అమ్మగారి మోకాళ్ళతో ఆ కుదుపుల్లో ప్రయాణం ఎందుకు?

నేను చెప్పేది ఇది. డిస్నీ వరల్డ్ లోపలే ఫోర్ట్ విల్డర్‌నెస్ అని 1971 నుంచి నడుస్తున్న క్యాంప్‌గ్రౌండ్ ఉంది. దాదాపు 800 సైట్లు (బండి నిలిపే జాగాలు), సుమారు 750 ఎకరాల అడవి. ఒక్కో సైట్‌లో పదిమంది దాకా ఉండొచ్చు. ఆ చుట్టుపక్కల ట్రెయిలర్లు (ఇంజిన్ లేని, లాక్కెళ్ళే ఆర్‌వీలు) అద్దెకిచ్చేవాళ్ళు బండి తెచ్చి సైట్‌లో నిలిపి, కరెంటు, నీళ్ళు, డ్రైనేజీ గొట్టం తగిలించి, మీరు ఖాళీ చేశాక వాళ్ళే తీసుకెళ్తారు. మీరు మీ వ్యాన్‌లో హాయిగా వెళ్ళండి. బయటివాళ్ళు బండి తెచ్చి పెట్టడానికి నిబంధనలు ఏంటో డబ్బు కట్టకముందే క్యాంప్‌గ్రౌండ్‌కి ఫోన్ చేసి అడగండి.

ఐదు రాత్రులకు లెక్క: ట్రెయిలర్ 120 చొప్పున 600, తెచ్చిపెట్టడానికి 250. సైట్ అద్దె తేదీని బట్టి మారుతుంది, మనం 150 చొప్పున 750 వేద్దాం. వ్యాన్ పెట్రోలు 130. అమ్మానాన్నలతో ఒక్క రోజులో 530 మైళ్ళు వద్దు, వెళ్ళేటప్పుడు ఒక రాత్రి, వచ్చేటప్పుడు ఒక రాత్రి సవానా దగ్గర రెండేసి గదులు, మొత్తం 440. అన్నీ కలిపి 2,170. మోటార్‌హోమ్ నడుపుకుని వెళ్తే ఇదే లెక్క సైట్‌తో కలిపి 3,160. తేడా దాదాపు వెయ్యి.

ఒక నిజం దాచకుండా చెప్పాలి. డిస్నీకి దగ్గరి ఊళ్ళయిన కిసిమ్మీలోనో డావెన్‌పోర్ట్‌లోనో వంటగది ఉన్న మూడు బెడ్‌రూముల ఇల్లు అద్దెకు తీసుకుంటే, రాత్రికి 200 చొప్పున, క్లీనింగ్‌తో 1,150 అవుతుంది. పెట్రోలు, దారిలో గదులు, పార్కు పార్కింగ్ మూడు రోజులకు 90 అనుకుని కలిపితే 1,810. ట్రెయిలర్ కన్నా 360 తక్కువ. కాబట్టి డబ్బు మిగులుతుందని ఆర్‌వీ తీసుకోకండి. ఆ 360 దేనికి పెడుతున్నారో తెలుసుకుని పెట్టండి.

నేనైతే పెడతాను, అదీ మీ అమ్మగారి కోసం. ఫోర్ట్ విల్డర్‌నెస్ నుంచి డిస్నీ వరల్డ్‌లోని మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కుకి పడవ ఉంది, దానికి టికెట్ అక్కర్లేదు. పొద్దున పడవెక్కి వెళ్ళి, పన్నెండింటికి కాళ్ళు లాగుతున్నాయంటే మళ్ళీ పడవెక్కి వచ్చి తన మంచం మీద వాలిపోవచ్చు. కిసిమ్మీ ఇంటికైతే కార్ పార్కింగ్ దాకా నడిచి, ట్రాఫిక్‌లో పడి వెళ్ళాలి. మధ్యాహ్నం ఒకసారి వెళ్ళినవాళ్ళు సాయంత్రం మళ్ళీ రారు. క్యాంప్‌గ్రౌండ్‌లో సాయంత్రం చలిమంట దగ్గర పిల్లల పాటలు, గుర్రాల శాల, చెరువు గట్టు మీద నుంచి కనిపించే బాణసంచా, రాత్రి నీళ్ళ మీద దీపాల ఊరేగింపు, వీటికి పార్కు టికెట్ అక్కర్లేదు.

అసలు పెద్ద ఖర్చు ఆ టికెట్లే. ఆర్‌వీ తీసుకున్నా, రాజభవనంలో ఉన్నా అది మారదు. ఆరుగురికి మూడు రోజులు, సగటున 150 చొప్పున 2,700. అమ్మానాన్నలకు ఒక్క మ్యాజిక్ కింగ్‌డమ్ రోజు చాలనుకుంటే, ఒక్క రోజు టికెట్ ధర ఎక్కువ కాబట్టి 170 వేసినా, మొత్తం 2,140కి దిగుతుంది. వాళ్ళను గేటు బయట కూర్చోబెట్టమని చెప్పడం లేదు. ముందు వాళ్ళనే అడగండి. కూతురికి ఖర్చవుతుందని నాన్నలు "నాకెందుకమ్మా" అంటారు. అది మొహమాటమో, నిజంగా ఓపిక లేకో కూతురికి తెలియకుండా ఉండదు. మొహమాటమే అయితే మూడు రోజులూ తీసుకెళ్ళండి, ఆ 560లో సగమైనా నేను ఇంకోచోట సర్దిస్తాను. టికెట్ ధర తేదీని బట్టి మారుతుంది, ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే సెలవు వారం మాత్రం వద్దు. పిల్లల టికెట్ 9 ఏళ్ళ వరకే. బాబుకి పదో పుట్టినరోజు ఎప్పుడో చూసుకోండి.

సర్దేది తిండి దగ్గర. డిస్నీ పార్కుల్లోకి మన తిండి తీసుకెళ్ళనిస్తారు. గాజు సీసాలు, మద్యం లాంటివి కూడదు. పొద్దున్నే పులిహోర కలిపి, పెరుగన్నం డబ్బాలో పెట్టి, ఆవకాయ ముక్క మూత బిగించి పట్టుకెళ్ళండి. ఐస్ వాటర్ తిండి కౌంటర్లలో ఉచితంగానే ఇస్తారు. ఆరుగురు రోజుకు ఒక్క పూట పార్కులో తినడం మానేసినా వంద డాలర్లు మిగలడం కష్టం కాదు, నాన్నగారి కడుపూ చల్లగా ఉంటుంది.

వంట గురించి ఒక జాగ్రత్త, నా సొంత అనుభవం. మేము మొదటిసారి ఆర్‌వీ తీసుకున్నప్పుడు ఏసీ ఆడుతోంది, మైక్రోవేవ్‌లో పాలు కాగుతున్నాయి. మా అత్తయ్య రైస్ కుక్కర్ స్విచ్ నొక్కారు. టప్పుమని అంతా చీకటి. 30 ఆంప్స్ లైను అంటే 3,600 వాట్లే, మూడూ ఒకేసారి మోయదు. అన్నం పొంగుతున్నంతసేపూ ఏసీ ఆపుకోవాలి. తాలింపు మాత్రం లోపల వద్దు. చిన్న గది, వాసన పరుపులకు పట్టేస్తుంది, క్లీనింగ్ కింద డిపాజిట్‌లో కోస్తారు. బయట బల్ల మీద ఇండక్షన్ స్టవ్ పెట్టుకోండి.

అదే ట్రిప్పులో బండి తిరిగిచ్చినప్పుడు మెట్టు వంగిందని మా డిపాజిట్‌లో 350 డాలర్లు పట్టుకున్నారు. అది ముందే వంగి ఉంది. ఫొటో తీసుకోకపోవడం నా తప్పు. మీరు ట్రెయిలర్ చేతికి రాగానే చుట్టూ తిరిగి, మెట్లు, గొడుగు తెర, పైకప్పు అంచులు, లోపల సింక్ కింద వరకు ఫోన్‌లో వీడియో తీయండి. క్రెడిట్ కార్డు ఇచ్చే అద్దె కారు ఇన్సూరెన్స్ సాధారణంగా ఆర్‌వీలకు వర్తించదు. కాబట్టి యజమాని పాలసీలో ఏముందో రాతపూర్వకంగా తీసుకోండి.

దీనికన్నా ముందు చేయదగ్గ పని ఒకటుంది. మీ ఊళ్ళోనే కారోవిండ్స్ అనే అమ్యూజ్‌మెంట్ పార్కు ఉంది, దాని పక్కనే క్యాంప్ విల్డర్‌నెస్ క్యాంప్‌గ్రౌండ్. అమ్మానాన్నలు దిగాక, కాస్త ఎండ ఉన్న ఒక శని, ఆదివారాలు అక్కడ ట్రెయిలర్ పెట్టించుకుని ఉండి చూడండి. ఆ బాత్రూమ్ ఇరుకు, ఆ మెట్ల ఎత్తు అమ్మగారికి పడుతుందో లేదో రెండు రాత్రుల్లో తేలిపోతుంది. పడకపోతే ఫోర్ట్ విల్డర్‌నెస్ మానేసి కిసిమ్మీ ఇల్లు తీసుకోండి, వెనకాడకండి.

మొత్తం బడ్జెట్: బస, ప్రయాణం 2,170, టికెట్లు 2,140, కిరాణా సరుకులు, ఒకటి రెండు బయటి భోజనాలు 700. దాదాపు 5,000. ఈ సెప్టెంబర్ నుంచి నెలకు 1,000 వేరే సేవింగ్స్ ఖాతాలో వేస్తే జనవరి చివరికి చేతిలో ఉంటుంది, మిగిలిన 400 ఆ 18,000 మీద వేయండి. కారోవిండ్స్ రెండు రాత్రులకు కావాల్సింది ఒక నెల 400లోంచి తీయొచ్చు. క్రెడిట్ కార్డు మీద ట్రిప్పు పెట్టి వేసవి దాకా కట్టుకోవడం వద్దు.

మీరు ఉత్తరంలో రాయనిది ఒకటి: అమ్మానాన్నలకు విజిటర్ ఇన్సూరెన్స్. పాత జబ్బులకు చాలా పాలసీల్లో హఠాత్తుగా తిరగబెడితేనే డబ్బిస్తారు, అదీ ఒక హద్దు వరకు. బీపీ, షుగర్ ఉంటే ఆ షరతు చదివి, విమానం ఎక్కే రోజు నుంచే అమల్లో ఉండేలా తీసుకోండి. దీనికయ్యే డబ్బు డిస్నీ ఖాతాలోంచి కాదు, అక్టోబర్, నవంబర్ నెలల్లో మిగిలే 400లోంచి కట్టండి. చాలకపోతే డిస్నీలో ఒక రోజు తగ్గించండి.