ఫోన్ మాట్లాడిన రాత్రి టోకెన్ (బయానా) పంపకండి

అమెరికా వచ్చి నాలుగు రాళ్లు వెనకేసుకోగానే మనవాళ్లలో చాలామంది చూపు బెంగళూరు మీద పడుతుంది. మొదటి ఉద్యోగం చేసిన ఊరు, తమ్ముడో బావమరిదో ఇప్పటికీ అక్కడే ఉంటారు. వైట్‌ఫీల్డ్‌లోనో సర్జాపూర్ రోడ్డులోనో ఒక ఫ్లాట్ ఉంటే బాగుండుననిపిస్తుంది. కొనండి, మంచిదే. కానీ నాకు ఫోన్ చేసే కొత్తవాళ్లలో ధర గురించి అడిగేవాళ్లకన్నా, "అన్నయ్యా, నిద్ర పట్టడం లేదు" అనేవాళ్లే ఎక్కువ. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ఎండాకాలంలో డాలస్‌లో రాత్రి పదైతే బెంగళూరులో మర్నాడు ఉదయం ఎనిమిదిన్నర. బ్రోకర్ అప్పుడే కాఫీ తాగి కూర్చుంటాడు, మనం రోజంతా పనిచేసి అలిసిపోయి ఉంటాం. "సార్, ఇంకో పార్టీ సాయంత్రానికల్లా టోకెన్ ఇచ్చేస్తోంది" అనగానే గుండెదడ మొదలవుతుంది. అందుకే ఫోన్ మాట్లాడిన రాత్రి ఒక్క రూపాయి కూడా పంపకండి. తెల్లారాక భార్యాభర్తలు కూర్చుని మాట్లాడుకుని, అప్పుడు చెప్పండి. ఈలోగా ఆ ఫ్లాట్ పోతే పోనివ్వండి. బెంగళూరులో ఫ్లాట్లకు కరువు లేదు.

ఇంకా కడుతున్న ఫ్లాటైతే చట్టమే మీకు అండ. ఇళ్లు కొనేవాళ్ల రక్షణకు 2016లో వచ్చిన రెరా చట్టం ప్రకారం సేల్ అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా బిల్డర్ ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. గొడవపడక్కర్లేదు, "అగ్రిమెంట్ రిజిస్టర్ చేయండి, మిగతాది పంపుతాను" అంటే సరిపోతుంది.

పాత ఫ్లాటైతే ఈసీ, అంటే ఆస్తి మీద తనఖాలూ అమ్మకాలూ ఉన్నాయేమో చూపే సర్టిఫికెట్, తీయించండి. అది కన్నడంలో ఉంటుంది. లిపి మనదానికి దగ్గరే కాబట్టి కూడబలుక్కుని చదివేస్తాం, అర్థమైపోయినట్టే ఉంటుంది. అంతమాత్రాన సరేననుకోకండి. ఈసీ వచ్చే ఫారం 15లో ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు వరసగా ఉంటాయి. అందులో తనఖా కనిపిస్తే, అది విడుదలైనట్టు కాగితం ఉందా లేదా అన్నది లాయరు చూసి చెప్పాలి. ఆ లాయరు బ్రోకర్ చూపించిన మనిషి కాకూడదు. కార్పొరేషన్ ఆస్తి రికార్డులో అది అన్నీ సక్రమంగా ఉన్న ఎ ఖాతానా, లోటున్న బి ఖాతానా, బిల్డింగులో కాపురం ఉండొచ్చని ఇచ్చే ఓసీ వచ్చిందా అన్నవి కూడా ఆయన్నే రాతపూర్వకంగా ఇవ్వమనండి. టెన్షన్‌లో సగం ఏమీ తెలియకపోవడం వల్ల వచ్చేదే, ఆ కాగితం చేతికొస్తే తగ్గుతుంది.

ఊరి బయట దేవనహళ్లి వైపు ఎకరం పొలం చవగ్గా వస్తోందని ఎవరైనా ఊరిస్తే అక్కడితో మాట ఆపేయండి. ఎన్నారైలు వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్ కొనడానికి విదేశీ మారక చట్టం ఫెమా ఒప్పుకోదు. ఇక ఫ్లాట్ అమ్మేవాళ్లు కూడా ఎన్నారైలే అయితే టీడీఎస్, అంటే వాళ్లకిచ్చే డబ్బులోంచి మనం కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను, లెక్క వేరు. ఇండియాలో ఉండేవాళ్ల దగ్గర కొన్నప్పటిలా 1 శాతంతో పోదు. అడ్వాన్స్ ఇవ్వకముందే ఆడిటర్‌ని అడగండి.

ఇక అసలు మనస్తాపాలు వచ్చేది ఇంట్లోవాళ్లతో. మనం వెళ్లలేక, మన బదులు సంతకం పెట్టమని తమ్ముడికి పవరాఫ్ అటార్నీ ఇస్తాం. ఆ ఒక్క ఫ్లాట్‌కే పరిమితమయ్యేలా రాయించండి. అది అనుమానపడటం కాదు, అతనికీ రక్షణే. మీ పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో ఒట్టి ఇనిషియల్ ఉంటే ముందే సరిచేయించుకోండి. ఇక్కడ అమెరికాలో సంతకం పెట్టి పంపిన పవరాఫ్ అటార్నీకి, అది ఇండియా చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి.

రిజిస్ట్రేషన్ రోజున సర్వర్ పనిచేయదు. మారతహళ్లి నుంచి పొద్దున్నే బయల్దేరిన తమ్ముడు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు బయట ఫైలు ఒళ్లో పెట్టుకుని, తిండి లేకుండా కూర్చుని ఉంటాడు. మనం ఇక్కడ నిద్ర మానుకుని పావుగంటకోసారి "ఏమైందిరా?" అంటూ విసుక్కుంటాం. దయచేసి అలా చేయకండి. పనయ్యాక ఒక మెసేజ్ పెట్టమని చెప్పి పడుకోండి. ఎప్పుడు సెలవు పెట్టాలో అతనికి వారం ముందే చెప్పండి. క్యాబ్‌లకూ జెరాక్సులకూ అయ్యే డబ్బు అతను అడక్కముందే పంపండి.