పెత్రమాసకు మేం బియ్యమిస్తున్నం, ఆయనేమో షోలాపూర్‌ల బతికే ఉన్నడు

పాత కాగితాలు తిరగేస్తుంటే దూరపు చుట్టం గురించి నమ్మలేని సంగతి ఎవరికైనా తెలిసిందా అని అడిగిండ్రు కదా. మాకు తెలిసింది, మా నాన్న ఇప్పటికీ అప్పుడప్పుడు తలుచుకొని తల పట్టుకుంటడు.

మేం పద్మశాలోళ్లం. ఊరు భువనగిరి దగ్గర, నేను పుట్టి పెరిగింది రామంతాపూర్‌ల. ప్రతి పెత్రమాసకు, అంటే పోయిన పెద్దలను తలుచుకునే అమాస నాడు, వాళ్ల పేరు మీద అయ్యగారికి బియ్యమిచ్చేటప్పుడు నాన్న చెప్పే పేర్లల్ల ఒక చిన్నతాత పేరుంటది, అంటే మా తాతకు సొంత తమ్ముడు. పెళ్లిగాక ముందే గత్తర (కలరా) వచ్చి పోయిండని తాత చెప్పిండట, అంతే, ఫోటో లేదు, ఏ ఏడో తెల్వదు, ఎవ్వరు అడగలే కూడా.

మూడేండ్ల కింద ఊర్ల పెంకుటిల్లు తీసేస్తుంటే సందుగ అడుగున ఒక ఉర్దూ కాగితం దొరికింది. నిజాం కాలంల కచేరీ పనంతా ఉర్దూలనే కదా. నాన్నకు మాట్లాడొస్తది గాని చదవరాదు, పారేయమన్నడు. జాగ కాగితమేమో అని నేనే ఛత్తాబజార్‌ల పెళ్లి కార్డులు రాసే ఒక చాచా దగ్గరికి తీస్కపోయిన. ఆయన సగం చదివి "మీ తాతకు తమ్ముడున్నడా" అన్నడు. ఉండే, చిన్నప్పుడే పోయిండన్న. "పోయినోడు వేలిముద్ర ఎట్లేసిండు బేటా" అని నవ్విండు.

షోలాపూర్‌ల మిల్లు పని చేసుకునే ఫలానా నేను మా అన్న దగ్గర రెండు వందల రూపాయల హాలీ సిక్కా (నిజాం సర్కారు పైసలు) తీసుకొని ఇంట్ల నా వాటా వదులుకుంటున్న, ఇదీ అందుల ఉన్నది. సంవత్సరం 1357. నేను హిజ్రీ అనుకొని లెక్క తీస్తే 1938 వచ్చింది, అప్పటికి తాతకే మీసాలు రాలే, ఏం అర్థంగాలే. అది ఫసలీ, అంటే నిజాం కచేరీలల్ల నడిచిన ఇంకో సంవత్సరాల లెక్క అని చాచానే చెప్పిండు. మన దిక్కు పాత కాగితాలు చూసేటోళ్లు ఇది గుర్తుపెట్టుకోండి, ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తది, అంటే 1947-48, రజాకార్ల టైమ్.

అంటే తాతకు అంతా తెల్సు! తెల్సే గత్తర అని చెప్పిండు. చిన్నతాత బతికుండుడు కంటే ఇదే నాన్నకు ఎక్కువ గుచ్చుకుంది, రెండు రోజులు సరిగ్గ మాట్లాడలే.

మన శాలోళ్లు మిల్లుల కోసం షోలాపూర్, భీవండి, ముంబై పోవుడు కొత్తేం కాదు, షోలాపూర్ తూర్పు దిక్కు ఇప్పటికీ గల్లీలకు గల్లీలు తెలుగోళ్లే. మా బావమరిది ఆడికెల్లి చాదర్లు తెచ్చి అమ్ముతడు, ఆయనకు మా ఇంటిపేరు చెప్పి వదిలేసిన. నెల రోజులల్ల ఫోన్ నంబర్ తెచ్చిండు. నాంపల్లిల హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి నేను, నాన్న పోయినం.

వాళ్లింట్ల గోడకు ఫోటో ఉంది. చెవులు చూస్తే చాలు, అచ్చం నాన్నవే. కింద ఆయన పోయిన ఏడు రాసిండ్రు, 1974. అంటే ఆయన అక్కడ సాంచె (మరమగ్గం) నడుపుతుంటే ఇరవై ఆరేండ్లు మేం ఇక్కడ ఆయన పేరు మీద బియ్యమిస్తున్నం అన్నట్టు. ఆయన మనుమడు నాకు వరుసకు అన్న అయితడు, మరాఠీ కలిసిన తెలుగుల అసలు కథ చెప్పిండు. బీడీలు చేసే ఒకామెను పెళ్లి చేసుకున్నడట, వేరే కులం. ఊర్ల చెల్లె పెళ్లి ఉండే, ఇది బయటపడితే సంబంధం పోతదని అన్నదమ్ములిద్దరే కూసొని మాట్లాడుకొని ఈ చావు పుట్టిచ్చిండ్రట. రెండు వందలు కూడా వాటా ధర గాదు, కాపురం పెట్టుకొమ్మని అన్న ఇచ్చినవని వాళ్లింట్ల చెప్పుకుంటరు. నేనైతే ఇది పూర్తిగ నమ్మను, వేలిముద్ర ఏపిచ్చుకున్నడు కదా మరి.

నాన్న మాత్రం నమ్మిండు. మొన్న పెత్రమాస నాడు, ఇంట్ల ఆడోళ్లు ఎంగిలిపూల బతుకమ్మ పేర్చే హడావిడిల ఉన్నరు, అయ్యగారు వాకిట్ల కూసున్నడు, ఈయనేమో షోలాపూర్‌కు ఫోన్ కలిపి "మా చిన్నమ్మ పేరు ఇంకోసారి చెప్పు బిడ్డా, మర్శిపోయిన" అని అడుగుతున్నడు.