పార్ట్ నంబరు మారలేదు, ప్రాణాలు పోయాయి

ప్రశ్న: ఈమధ్యే విడిభాగాల కంపెనీ క్వాలిటీ విభాగంలో చేరాను. అంతమంది ఇంజనీర్లున్న పెద్ద కంపెనీల్లో ప్రమాదకరమైన లోపం ఏళ్ల తరబడి ఎలా బయటపడదు?

జవాబు: అమెరికా కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ ఇగ్నిషన్ స్విచ్ (తాళం తిప్పి కారు స్టార్ట్ చేసే స్విచ్) వ్యవహారం చూడండి. ఆ కంపెనీ కోబాల్ట్ వంటి కార్లలో స్విచ్ టార్క్, అంటే తాళం తిప్పడానికి కావాల్సిన బలం, ఉండాల్సినదానికన్నా బాగా తక్కువ. తాళాల గుత్తి బరువుకో, మోకాలు తగిలో తాళం ‘రన్’ (ఇంజన్ నడిచే స్థానం) నుంచి ‘యాక్సెసరీ’ (ఇంజన్ ఆగి, రేడియో వంటివే పనిచేసే స్థానం)కి జారేది. ఇంజన్ ఆగేది, పవర్ స్టీరింగ్ పోయేది, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేది కాదు.

ఇంజన్ ఆగిపోవడాన్ని ‘వినియోగదారు సౌకర్యం’ సమస్యగా నమోదు చేశారు. ఎయిర్‌బ్యాగ్‌తో దానికున్న లింకు ఆ ఇంజనీర్లకు తట్టలేదు. అంతకన్నా ఘోరం, 2006లో స్విచ్‌ను మార్చి కూడా, విడిభాగాన్ని గుర్తించే పార్ట్ నంబరు పాతదే ఉంచారు. స్విచ్ మారిందని రికార్డుల్లో కనిపించక, కొత్త కార్లలో ఆ సమస్య ఎందుకు తగ్గిందో దర్యాప్తు బృందాలకు ఏళ్లపాటు అంతుపట్టలేదు. సమావేశాల్లో అందరూ తలూపేవారు, పని ఎవరూ మొదలుపెట్టేవారు కాదు. 2014లో రీకాల్ (లోపమున్న కార్లను వెనక్కి పిలిచి సరిచేయడం) మొదలైంది. బాధితుల కోసం కంపెనీ పెట్టిన పరిహార నిధి 124 మరణాలను గుర్తించింది.

మీరు పట్టుబట్టాల్సినవి: పనితీరు మారితే కొత్త పార్ట్ నంబరు. ప్రతి ఫిర్యాదుకూ ‘దీంతోపాటు ఇంకేం ఆగిపోతుంది?’ అని వేరే విభాగాలతో కలిసి విచారణ. సమావేశం మినిట్స్‌లో (నిర్ణయాల నమోదులో) ప్రతి పనికీ ఒక్కరి పేరు, గడువు తేదీ.