గడగడా చదువుతుంది, అడిగితే చెప్పలేదు: ఫౌండేషన్‌లో వేయాలా?

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. నేను జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగ్ పని చేస్తాను. మా పాప ఎనిమిదో తరగతి, ఇంగ్లిష్ మీడియం. పుస్తకం గడగడా చదివేస్తుంది. సోషల్, సైన్సు పాఠంలో ఏముందని అడిగితే నోరు మెదపదు. బట్టీ పట్టి మార్కులు మాత్రం తెచ్చుకుంటోంది. చీటీ పాడి విశాఖలో హాస్టల్ ఉన్న ఐఐటీ ఫౌండేషన్ కోచింగ్‌లో వేద్దామని మా ఆయన అంటున్నారు. నాకేమో స్పోకెన్ ఇంగ్లిష్ చాలేమో అనిపిస్తోంది. ఏది మంచిది?

జవాబు: అమ్మా, మీరు అడిగింది రెండిట్లో ఏదని. మీ భయం మాత్రం వేరు. ఇంగ్లిష్ మీడియంలో వేసి తప్పు చేశామా, పిల్లకు బుర్రకెక్కదా అని. ఆ భయం వదిలేయండి. పైకి చదవడం వేరు, చదివింది అర్థం చేసుకోవడం వేరు. మొదటిది వచ్చిన పిల్లకు రెండోది నేర్పొచ్చు. ఎనిమిదో తరగతికి ఆలస్యమేమీ కాలేదు.

కథైతే పాత్రలే పిల్లల్ని ముందుకు లాక్కెళతాయి. సైన్సు, సోషల్ పాఠంలో ఏది దేనికి కారణమో చదివేవాళ్లే కలుపుకోవాలి. అది విడిగా నేర్పేవాళ్లు తక్కువ. మీ పాప సోషల్ పుస్తకం ఒకసారి తెరవండి. పెన్సిల్‌తో బ్రాకెట్లు పెట్టి 'ఒకటో ప్రశ్న జవాబు ఇక్కడి నుంచి ఇక్కడి దాకా' అని గుర్తులు ఉంటాయి. పిల్ల చదివేది ఆ బ్రాకెట్లలోదే. మిగతా పాఠం ఆమెకు లేనట్టే.

ఈ రాత్రే ఒక పరీక్ష పెట్టండి. బడిలో ఇంకా చెప్పని పేజీ ఒకటి తీసి, పెదాలు కదపకుండా చదవమనండి. పుస్తకం మూయించి మూడే అడగండి. ఇది దేని గురించి? అలా ఎందుకు జరుగుతుందని రాశారు? నీకు కొత్తగా తెలిసిందేమిటి? జవాబు తెలుగులో చెప్పినా సరే. మర్నాడు ఇంకో పేజీ తెలుగులో చదివించి ఇవే అడగండి. ప్రభుత్వ బడుల రెండు భాషల పుస్తకం దొరికితే తేలిక, ఒక పక్క ఇంగ్లిష్, ఇంకో పక్క తెలుగు ఉంటాయి. తెలుగులో చదివినప్పుడు చెప్పగలిగితే లోటు ఇంగ్లిష్ మాటల దగ్గరే ఉంది. తెలుగులోనూ చెప్పలేకపోతే లోటు చదివే తీరులో ఉంది. స్పోకెన్ ఇంగ్లిష్ ఈ రెండిటికీ పెద్దగా ఉపయోగపడదు. అక్కడ నేర్పేది మాటామంతీ. కారణాన్నీ తేడానీ చెప్పి పాఠాన్ని నడిపించే 'దేర్‌ఫోర్', 'వేరాజ్', 'డ్యూ టు' అక్కడ ఎదురుకావు.

తుపాను పాఠం తీసుకుందాం. వెచ్చని సముద్రం మీద నీరు ఆవిరై పైకి లేస్తుంది. పైన చల్లబడి మేఘమయ్యేటప్పుడు ఆ ఆవిరి వేడిని వదులుతుంది. ఆ వేడికి గాలి ఇంకా పైకి లేచి కింద పీడనం తగ్గుతుంది. చుట్టూ ఉన్న తేమగాలి అక్కడికి దూసుకొస్తుంది. నేల మీదికొచ్చాక తేమ అందక తుపాను బలహీనపడుతుంది. అయిదే వాక్యాలు. 'నేల మీదికొస్తే ఎందుకు బలహీనపడుతుంది?' అంటే పిల్ల 'తేమ అందక' అని అప్పజెబుతుంది. 'తేమ అందకపోతే ఏమవుతుంది?' అని ఇంకో ప్రశ్న వేయండి. అక్కడ ఆగిపోతుంది. ఎందుకంటే దానికి జవాబు రెండో వాక్యంలో ఉంది. అయిదోదాన్ని రెండోదానితో కలపడమే అర్థం చేసుకోవడం. కాగితం మీద ఆవిరి, మేఘం, వేడి, పీడనం అని రాసి మధ్యలో బాణాలు గీయమనండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మీ ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని ఎలా కూల్చిందో మీరు చెప్పండి. అప్పుడు ఆ బాణాలకు ప్రాణం వస్తుంది.

రోజుకు ఒక్క పేజీ, ఇరవై నిమిషాలు, వారానికి అయిదు రోజులు చాలు. మొదటి రెండు నిమిషాలు శీర్షికలు, బొమ్మల కింది మాటలు చూడాలి. ఉపశీర్షికను ప్రశ్నగా మార్చుకోవాలి. పేరా అయ్యాక ఆగి, పక్కన నాలుగైదు మాటల్లో సొంతంగా రాయాలి. అన్నిటికీ గీతలు గీస్తే గీయనట్టే లెక్క. తెలియని ప్రతి మాటకూ డిక్షనరీ తీస్తే మొదటి వాక్యం మర్చిపోతుంది. పేజీ అయ్యాకే చూడాలి, అదీ మూడు మాటలే.

పట్టికలు చదవడం మీరే నేర్పగలరు. మీ గ్రేడింగ్‌లో డబ్ల్యూ 320 అంటే పౌండు బరువుకు 300 నుంచి 320 పలుకులు, డబ్ల్యూ 180 కంటే చిన్న పప్పు. కొత్తవాళ్లు 320 పెద్దదనుకుంటారు. పాఠంలోని పట్టిక దగ్గర పిల్లలు చేసే తప్పూ ఇదే. అంకె చూస్తారు, అది దేనికి లెక్కో చూడరు.

ఇక ఫౌండేషన్ మీద నా అనుమానాలు దాచను. లెక్కలంటే ఇష్టపడి, చదివింది చెప్పగలిగే పిల్లకు అది పనికిరావచ్చు. మీ పాపకు ఇప్పుడు వద్దంటాను. ఎనిమిదిలోనే పై తరగతుల పాఠాలు మెటీరియల్ షీట్లుగా ఇచ్చి నాలుగు ఆప్షన్ల ప్రశ్నలు చేయిస్తే, పేరా చదవాల్సిన అవసరమే పోతుంది. లోటు కనపడకుండా పోతుంది గాని తీరదు. ఇంటర్‌లో బయటపడుతుంది. డాక్టరు సీటు కోసం రాసే నీట్‌లో 180 నిమిషాలకు 180 ప్రశ్నలు. స్టేట్‌మెంట్ ప్రశ్నలో ఒక్క 'నాట్', ఒక్క 'ఓన్లీ' జవాబును తిప్పేస్తుంది. అక్కడ బట్టీ ఆదుకోదు. మీ జిల్లాలోనే ఉన్న ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలో సీటు పదో తరగతి మార్కుల మీద వస్తుంది, దానికి ఫౌండేషన్ అక్కర్లేదు.

కోపం తెచ్చుకోకండి, ఒక మాట కటువుగానే చెప్పాలి. 'చదివావా?', 'ఎన్ని వచ్చాయి?' అని ఇంట్లో రోజూ అడిగి ఉంటారు. 'ఏం చెప్పారు అందులో?' అని ఎన్నిసార్లు అడిగారు? మార్కులు చూసి సంతకం పెట్టేసి, ఇప్పుడు అప్పజెప్పడమే వచ్చిన పిల్లను పదమూడేళ్లకే హాస్టల్లో పెట్టి, చీటీ సొమ్ముతో ఇంకా ఎక్కువ అప్పజెప్పిస్తారా? అక్కడ కూర్చోబెట్టి ఈ మూడు ప్రశ్నలు ఎవరు అడుగుతారు? మీ ఆయనకు ఈ జవాబు చదివి వినిపించండి. మాకు చదువు రాదని మాత్రం తప్పుకోకండి. అడగడానికి చదువు అక్కర్లేదు, పని నుంచి వచ్చాక ఇరవై నిమిషాలు పక్కన కూర్చోవాలి.

ఆరు వారాల దాకా చీటీ పాడొద్దు. ఆ తర్వాత కొత్త పేజీతో అదే పరీక్ష పెట్టండి. మూడింటిలో రెండింటికి సొంత మాటల్లో చెప్పిందంటే దారిలో పడినట్టే. తెలుగు పేజీ కూడా ఇంకా చెప్పలేకపోతుంటే ముందు కళ్లు పరీక్ష చేయించండి. చూపు బాగానే ఉంటే, ఆ ఆరు వారాల కాగితాలు పట్టుకెళ్లి క్లాస్ టీచర్‌కు చూపించి, ఏ వాక్యం దగ్గర ఆగిపోతోందో చెప్పండి.