నూనె లేని ఇడ్లీకీ షుగర్ పెరుగుతుందా?

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. టైప్ 2 షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. పరగడుపున 120 ఉంటుంది. నాలుగు ఇడ్లీలు తిన్న రెండు గంటలకు 240 దాటుతోంది. చుక్క నూనె లేదు కదండీ! రాగిజావకు మారమంటారా?
– ఓ గృహిణి, తెనాలి

జవాబు: నూనె సంగతి కాదమ్మా, రవ్వ సంగతి. ఇడ్లీలో ఎక్కువ భాగం బియ్యపు రవ్వే. మెత్తగా ఉడికాక ఇట్టే అరిగి గ్లూకోజ్ అయిపోతుంది. పైగా తెల్లవారుజామున కార్టిసాల్ వంటి హార్మోన్లు పెరగడంతో పొద్దుటిపూట ఇన్సులిన్ మొరాయిస్తుంది.

జావ జోలికి వెళ్లకండి. మెత్తటి పిండి, అదీ గటగటా తాగేది, ఇంకా త్వరగా రక్తంలోకి ఎక్కుతుంది. రెండు ఇడ్లీలు చాలు. పక్కన ఉడికించిన గుడ్డు, ములక్కాడ, సొరకాయ ముక్కలు దండిగా వేసిన సాంబారు పెట్టుకోండి. పొట్టు పెసలతో పెసరట్టయితే మరీ మంచిది. అందులో ఉప్మా పెట్టారో, కథ మళ్లీ మొదటికే! తిన్నాక ఓ పావుగంట నడవండి.

మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు చూస్తే చాలామందికి 180 లోపు ఉండాలి. వారంపాటు అంకెలు రాసుకుని, తగ్గకపోతే మీ డాక్టరుకు చూపించండి. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వాడేవాళ్లు మాత్రం డాక్టర్ని అడక్కుండా టిఫిన్ తగ్గించకూడదు, షుగర్ పడిపోతుంది.