రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన ఎస్‌యూవీ కొనేముందు ఏం చూడాలి?

మీటర్ రీడింగ్ కన్నా ముందు సర్వీస్ రికార్డు, చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయ్యే తీరు, కింద ఛాసిస్‌కి (బండిని మోసే ఇనుప చట్రానికి) పట్టిన తుప్పు చూడాలి. బండిని ఎక్కువగా పాడుచేసేది తిరిగిన దూరం కాదు, సమయానికి మార్చని ఆయిలూ బెల్టులూ.

ముందే వేడి చేసి ఉంచిన ఇంజిన్ చాలా లోపాలు దాచేస్తుంది. అందుకే పొద్దున్నే వెళ్లి, స్టార్ట్ చేయకముందే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. స్టార్ట్ చేశాక నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఇంజిన్ ఆయిల్ తాగుతున్నట్టే. ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ మాత్రం నడుస్తున్నప్పుడు, ఆయిల్ మూత తీస్తే పొగ గుప్పుగుప్పున తన్నుకొచ్చిందంటే పిస్టన్ రింగులు అరిగాయేమోనని అనుమానించాలి. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే అదీ వేసి నడపండి.

ఉదాహరణకు పాత టొయోటా ఫార్చ్యూనర్ 3.0 డీజిల్‌లో టైమింగ్ బెల్ట్‌ను (వాల్వులు, పిస్టన్లు ఒకే లయలో కదిలేలా చూసే బెల్ట్) సుమారు 1.5 లక్షల కిలోమీటర్లకు మార్చాలి. అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజిన్ దెబ్బతింటుంది. 1.8 లక్షలు తిరిగిన బండైతే బెల్ట్ మార్చిన బిల్లు అడగండి. లేదంటే ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి, మొహమాటపడొద్దు.

రీడింగ్ తక్కువుంటే మంచి బండే అని చాలామంది అనుకుంటారు. కానీ డిజిటల్ మీటర్‌నీ వెనక్కి తిప్పేస్తారు. 60 వేలు చూపించే బండిలో క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే నమ్మకండి. పాత సర్వీస్ బిల్లుల మీదుండే రీడింగులతో పోల్చి చూడండి.